నీళ్ళు పోతేనే డ్రమ్ము తిరుగుతుంది: వాషింగ్ మెషిన్‌లో లోపం కనుక్కునే పద్ధతి

 

మన బులెటిన్‌లో సాధారణంగా కాలేజీ ప్రవేశాలు, విద్యా రుణాలు, పోటీ పరీక్షల గురించి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి నేను వాషింగ్ మెషిన్ గురించి రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను, మెకానిక్‌నూ కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం మా అక్క చేసిన ఒక ఫోను.

మా అక్కది గుడియాత్తం. లుంగీల నేతకు పేరుపడ్డ ఊరు. బావగారు పోయిన తర్వాత అక్క లుంగీలు మడతపెట్టి కట్టలు కట్టే పని ఇంటికి తెచ్చుకొని చేస్తూ, మనవరాలిని చదివిస్తోంది. గత జూన్ నెలలో ఒక సాయంత్రం ఫోను చేసింది.

"తమ్ముడూ, మెషిన్‌లో నీళ్ళు నిలిచిపోయినాయి. గుడ్డలు పిండటం లేదు. చూసినాయన మోటారు కాలిపోయిందంటాడు. నాలుగు వేలు అవుతుందంట. పాప ఫీజుకని చీటీ ఎత్తి పెట్టినాను కదా, దాంట్లోంచి ఇచ్చేదా?"

"ఒక్కరోజు ఆగక్కా. రేపు పొద్దున బస్సుకు వస్తాను" అన్నాను. అలా ఆగమనడానికి ఒక కారణం ఉంది. అంతకు కొన్నేళ్ళ ముందు వేలూరులో మా ఇంట్లోనే ఇలాంటి పరిస్థితిలో ఆగకుండా డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి నేను. ముందు ఆ సంగతి చెబుతాను.

1. నేను చేసిన పొరపాటు

వేలూరు సత్తువాచారిలో మా ఇంట్లో ఉన్నది పైన మూత తెరిచే ఫుల్లీ ఆటోమేటిక్ మెషిన్. ఒకరోజు ఉతకడం పూర్తయింది గాని నీళ్ళు పోలేదు, డ్రమ్ము తిరగలేదు. వచ్చిన మెకానిక్ ఐదు నిమిషాలు చూసి బోర్డు పోయిందన్నాడు. నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాలుగున్నర వేలు ఇచ్చాను. కొత్త బోర్డు వేశాడు, పాతది సంచిలో వేసుకొని వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ అదే కథ.

రెండోసారి వచ్చిన పెద్దాయన మెషిన్ ముట్టుకోకముందే "ఈమధ్య బాత్‌రూములో ఏమైనా పని చేయించారా?" అని అడిగాడు. చేయించాం. నేల ఎత్తు పెంచి టైల్స్ వేయించి, నీళ్ళు బయటికి రాకుండా గుమ్మం దగ్గర అరడుగు ఎత్తు కట్ట కట్టించాం. మెషిన్ పైపును ఆ కట్ట మీదుగా లోపలికి వేశాం. మా మెషిన్‌లో నీళ్ళను తోసే పంపు లేదు. వాల్వు తెరుచుకుంటే నీళ్ళు వాటంతట అవి పల్లానికి పోవాలి. పైపు ఎత్తెక్కితే ఎలా పోతాయి? ఆయన కట్టకు అడుగున చిన్న రంధ్రం వేయించమన్నాడు. వేయించాం. మెషిన్ బాగైంది. నా నాలుగున్నర వేలు మాత్రం తిరిగి రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకు కాదు. జీవితమంతా లెక్కల్లో తేడా పట్టుకున్న మనిషిని, నా ఇంట్లో తేడా పట్టుకోలేకపోయానే అని.

2. బ్యాంకు నేర్పిన రెండు సూత్రాలు

కామర్స్ విద్యార్థులకు ఇది తెలిసినదే. మా రోజుల్లో కంప్యూటర్లు లేవు. లెడ్జర్లన్నీ చేత్తో రాసి ట్రయల్ బ్యాలెన్స్ తేల్చేవాళ్ళం. తేడా వస్తే కొత్తగా చేరినవాడు మొదటి పేజీ నుంచి మళ్ళీ కూడడం మొదలుపెట్టేవాడు. అనుభవం ఉన్న గుమాస్తా ముందు తేడా ఎంతో చూసేవాడు. తేడా తొమ్మిదితో భాగింపబడితే అంకెలు తారుమారు అయ్యాయేమోనని వెతికేవాడు. ఉదాహరణకు 720 బదులు 270 పడితే తేడా 450, అది తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. తేడా 600 అయితే, అందులో సగం 300 మొత్తం డెబిట్‌కు బదులు క్రెడిట్‌లో పడిందేమో చూసేవాడు. అంటే పుస్తకం తెరవకముందే తప్పు ఎలాంటిదో ఊహించేవాడు.

ఆ అనుభవం నుంచి నేను నేర్చుకున్న సూత్రాలు రెండు.

ఒకటి: ఆఖరుసారి లెక్క సరిపోయిన తేదీ ఏది? ఆ తేదీకి ముందున్నది వెతకనక్కరలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో చూడాలి.

రెండు: పని ఏ దశ దాకా సక్రమంగా నడిచింది, ఏ దశలో ఆగింది? ఆగిన దశ తెలిస్తే మిగతా పుస్తకాలన్నీ మూసిపెట్టవచ్చు.

వాషింగ్ మెషిన్‌కు కూడా ఈ రెండు సూత్రాలే వర్తిస్తాయి.

3. మెషిన్ పనిచేసే వరుస

మన ఇళ్ళలో ఉండే మెషిన్లు మూడు రకాలు.

రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్: ఉతకడానికి ఒక టబ్బు, పిండడానికి ఒక టబ్బు. మోటార్లు కూడా రెండు. ఉతికే టబ్బులోని నీళ్ళు మనం నాబ్ 'డ్రెయిన్' వైపు తిప్పితే వాల్వు తెరుచుకొని పల్లానికి పోతాయి. స్పిన్ టబ్బులోంచి వచ్చే నీళ్ళు ఆ వాల్వుతో పనిలేకుండా నేరుగా అదే పైపులో కలుస్తాయి.

పైమూత ఫుల్లీ ఆటోమేటిక్: ఉతకడానికీ పిండడానికీ ఒకే మోటారు. చాలా మోడళ్ళలో 'డ్రెయిన్ మోటారు' అనే చిన్న భాగం వాల్వును లాగి తెరుస్తుంది. అదే లాగుడుతో క్లచ్‌ను కూడా ఉతికే స్థితి నుంచి పిండే స్థితికి మారుస్తుంది. అందువల్ల ఆ చిన్న భాగం చెడితే నీళ్ళూ పోవు, డ్రమ్మూ తిరగదు. చూసేవారికి రెండు రోగాలు, నిజానికి ఒకటే. కొన్ని మోడళ్ళలో వాల్వుకు బదులు పంపు ఉంటుంది.

ముందు తలుపు ఉండే ఫ్రంట్ లోడ్: దీంట్లో నీళ్ళను ఎప్పుడూ పంపే తోస్తుంది. పంపుకు ముందు ఒక ఫిల్టరు ఉంటుంది.

ఆటోమేటిక్ మెషిన్లలో పిండడం ఈ వరుసలో జరుగుతుంది. ముందు నీళ్ళు పోవాలి. నీళ్ళు పోయాయని నీటిమట్టం చూసే సెన్సర్ చెప్పాలి. మూత లేదా తలుపు మూసివుందని స్విచ్చి చెప్పాలి. డ్రమ్ము మెల్లగా తిరుగుతూ బట్టలు అన్ని వైపులా సమంగా సర్దుకున్నాయో లేదో చూసుకోవాలి. ఆ తర్వాతే వేగం అందుకుంటుంది. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా చివరికి మనకు కనిపించేది ఒక్కటే, "గుడ్డలు పిండటం లేదు". మోటారు కాలడం అనేది ఈ జాబితాలో చివరన ఉండే అనుమానం. మనలో చాలామంది దాన్నే మొదట నమ్ముతాం.

4. ముందు ప్రాణం, తర్వాత మెషిన్

ఈ భాగం చదవకుండా మెషిన్ దగ్గరికి వెళ్ళవద్దు.

ప్లగ్గు పూర్తిగా ఊడదీసిన తర్వాతే చెయ్యి పెట్టాలి. స్విచ్చి ఆపితే చాలదు. మెషిన్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, ఇంట్లో పనిచేసే ఎర్త్ ఉండి తీరాలి. ముట్టుకుంటే జిల్లుమన్నా, కాలిన వాసన వచ్చినా పరీక్షలన్నీ అక్కడితో ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవడం అన్నివిధాలా మంచిది.

వెనక మూత విప్పవద్దు. లోపల ఉండే కెపాసిటర్ ప్లగ్గు తీసిన తర్వాత కూడా కరెంటు దాచుకొని షాక్ కొట్టగలదు. తిరుగుతున్న స్పిన్ టబ్బులో, ఆగిపోతున్నట్టు కనిపించినా సరే, చెయ్యి పెట్టకూడదు. తడిసిన చీర కొంగు గాని, తువ్వాలు గాని చుట్టుకుంటే క్షణంలో చేతిని లాగేస్తుంది. చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం.

5. నీళ్ళు పోకపోతే

మొదట పైపు చూడండి. దీనికి స్క్రూడ్రైవరు కూడా అక్కరలేదు. మెషిన్ వెనక్కి జరిపి పైపును నొక్కేశారా? మెలిక పడిందా? చివర బొందులో మరీ లోతుకు దోపారా? సెమీ ఆటోమేటిక్‌లోను, వాల్వుతో పనిచేసే పైమూత మెషిన్లలోను పైపు నేలమీద పల్లంగా ఉండాలి. ఫ్రంట్ లోడ్‌కు దీనికి వ్యతిరేకం. పైపు చివర సాధారణంగా రెండడుగుల పైన, మూడడుగుల చిల్లర ఎత్తులోపు ఉండాలి. మరీ కిందికి ఉంటే లోపలికి వచ్చే నీళ్ళు వచ్చినట్టే పారిపోతాయి. మరీ పైకి ఉంటే పంపు తోయలేదు. ఒకరి ఇంట్లో సరైనది మరొకరి ఇంట్లో తప్పు కావడం ఇందువల్లే.

రెండోది ఫిల్టరు. ఫ్రంట్ లోడ్‌కు ముందువైపు అడుగున చిన్న తలుపు ఉంటుంది. వేడినీళ్ళతో ఉతికి ఉంటే చల్లారేదాకా ఆగండి. పళ్ళెం లాంటిది కిందపెట్టి, పక్కన చిన్న ట్యూబు ఉంటే దాంతో నీళ్ళు వదిలి, ఆ తర్వాత ఫిల్టరు మూతను మెల్లగా తిప్పండి. చొక్కా జేబులో మరిచిన నాణెం, హెయిర్‌పిన్ను, గుండీ, దారపు ఉండ ఇక్కడే దొరుకుతాయి. ఫిల్టరు వెనక కనిపించే పంపు రెక్కను పుల్లతో తిప్పి చూడండి. ఆగి ఆగి తిరిగితే కంగారుపడవద్దు, లోపల అయస్కాంతం ఉండటంవల్ల అలాగే తిరుగుతుంది.

మూడోది చెవితో చేసే పరీక్ష. ఒక్క స్పిన్ మాత్రం పెట్టి వినండి. పంపు మూలుగుతోంది గాని నీళ్ళు రావడం లేదంటే ఏదో అడ్డుపడింది. అసలు శబ్దమే లేదంటే పంపుకు కరెంటు అందడం లేదు, లేదా పంపే పోయింది. నీళ్ళన్నీ పోయాక కూడా పంపు తిరుగుతూనే ఉండి చివరికి తప్పు చూపిస్తే, నీటిమట్టం చూసే సెన్సర్‌నో, దానికి వెళ్ళే సన్నని గాలి ట్యూబునో అనుమానించాలి. సబ్బు మడ్డి ఆ ట్యూబులో చేరితే నీళ్ళు లేకున్నా ఉన్నట్టే మెషిన్ భ్రమపడుతుంది.

తెరమీద అక్షరాలు కనిపిస్తే రాసి పెట్టుకోండి. ఎల్‌జీ మెషిన్లలో 'ఓఈ' అంటే నీళ్ళు పోవడం లేదని, 'యూఈ' అంటే బట్టలు ఒకవైపు చేరాయని అర్థం. కంపెనీని బట్టి ఈ అక్షరాలు మారతాయి కాబట్టి మెషిన్‌తో ఇచ్చిన పుస్తకాన్ని పారేయకండి.

6. నీళ్ళు పోయినా పిండకపోతే

మొదట బట్టలు చూడండి. ఒక్క బరువైన జంపఖానా గాని, దుప్పటి గాని వేస్తే నీళ్ళు పీల్చుకొని అది ఒకవైపే చేరుతుంది. ఆటోమేటిక్ మెషిన్ రెండు మూడుసార్లు సర్దడానికి ప్రయత్నించి మానేస్తుంది. అది చెడిపోవడం కాదు, జాగ్రత్తపడటం. ఎందుకో సైన్సు విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చు. నిమిషానికి 1300 చుట్లు తిరిగే, 12 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న స్పిన్ టబ్బులో అంచున ఉన్న బట్ట తన బరువుకు దాదాపు 227 రెట్లు బలంతో గోడను తోస్తుంది. అంటే 100 గ్రాముల తడిగుడ్డ ఒకవైపు ఎక్కువైతే దాదాపు 23 కిలోల బరువు డ్రమ్మును పక్కకు లాగుతున్నట్టే. మెషిన్ గంతులు వేయడానికి కారణం ఇదే. నాలుగు కాళ్ళూ నేలకు సమంగా ఆనకపోయినా ఇదే జరుగుతుంది. కొత్త ఫ్రంట్ లోడ్ అయితే, రవాణాకోసం వెనక బిగించిన బోల్టులు తీశారో లేదో కూడా చూడాలి.

రెండోది మూత. మూత సరిగ్గా పడకపోయినా, దాని స్విచ్చి పనిచేయకపోయినా స్పిన్ మొదలే కాదు. ఫ్రంట్ లోడ్‌లో తలుపు తాళం పడిన 'టక్' శబ్దం వినాలి.

మూడోది మళ్ళీ శబ్దం. సెమీ ఆటోమేటిక్‌లో స్పిన్ తిప్పగానే 'గుయ్' మని మూలిగి డ్రమ్ము కదలకపోతే మోటారుకు కరెంటు అందుతోందని అర్థం. అప్పుడు అనుమానించవలసినవి నాలుగు: కెపాసిటర్ బలహీనపడటం, బ్రేకు వదలకపోవడం, డ్రమ్ముకూ బయటి టబ్బుకూ మధ్య చిన్న గుడ్డ ఇరుక్కోవడం, వోల్టేజీ తక్కువ కావడం. చాలామంది చేత్తో ఒక తోపు తోసి డ్రమ్మును తిప్పాలని చూస్తారు. అది ప్రమాదం, చేయవద్దు.

వోల్టేజీ సంగతి తేలికగా తీసుకోకూడదు. ఇలాంటి మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది. 230 ఉండవలసింది 180కి పడితే వోల్టేజీ తగ్గింది సుమారు 22 శాతమే, మోటారు మొదలయ్యే బలం మాత్రం దాదాపు 39 శాతం తగ్గుతుంది. మన వేలూరు ఎండల్లో ఊరంతా ఏసీలు వేసుకున్న వేళ మెషిన్ మూలిగితే, తెల్లవారుజామున ఇంకోసారి వేసి చూశాకే తీర్పు చెప్పాలి.

మోటారు బాగా వేడెక్కి ఆగి, అరగంట చల్లారాక మళ్ళీ తిరిగితే లోపలి రక్షణ స్విచ్చి తన పని చేసిందన్నమాట. ఎందుకు వేడెక్కిందో వెతకాలి. డ్రమ్ము తిరిగేటప్పుడు రోడ్డు రోలరులా గర్జిస్తే బేరింగు చూడాలి. ఇవి మెకానిక్ పనులు.

7. మన ఊరి నీళ్ళు, సబ్బు నురుగు

వేలూరు చుట్టుపక్కల చాలా ఇళ్ళలో బోరునీళ్ళు ఉప్పునీళ్ళు. సబ్బు త్వరగా నురగదు. అందుకని మన ఆడవాళ్ళు ఇంకొంచెం పొడి వేస్తారు. ఏ రోజైనా మున్సిపాలిటీ మంచినీళ్ళో వాననీళ్ళో పట్టి మెషిన్‌లో పోస్తే అదే పొడికి నురుగు పొంగిపోతుంది. నురుగంటే గాలి. పంపు గాలిని తోయలేదు. నీళ్ళు పోక, సెన్సర్ తికమకపడి స్పిన్ ఆగిపోతుంది. ఇలా జరిగినప్పుడు సబ్బు లేకుండా ఒకసారి ఉత్తనీళ్ళతో తిప్పితే చాలు, రిపేరే అక్కరలేదు. ఫ్రంట్ లోడ్‌కు దానికోసం తయారైన పొడి మాత్రమే, కొలతప్రకారం వేయాలి. ఉప్పునీళ్ళవల్ల లోపల పేరుకునే తెల్లటి గారకు కంపెనీవారు చెప్పిన పొడిని వారు చెప్పినన్ని నెలలకోసారి వాడాలి.

8. గుడియాత్తంలో ఏమి జరిగింది

మర్నాడు పొద్దున అక్క ఇంటికి వెళ్ళాను. సెమీ ఆటోమేటిక్ మెషిన్. స్పిన్ టబ్బు అడుగున నీళ్ళు, ఉతికే టబ్బులో సగానికి నీళ్ళు. అక్క మనవరాలు నోటుబుక్కు తెచ్చుకొని పక్కన కూర్చుంది.

మొదటి సూత్రం ప్రకారం అడిగాను. "అక్కా, ఆఖరుసారి ఎప్పుడు బాగా తిరిగింది?"

"గంగమ్మ సిరసు పండక్కి చుట్టాలొచ్చినారు కదా, అప్పుడు వాళ్ళ గుడ్డలన్నీ వేసినాము. బాగానే తిరిగింది."

"ఆ తర్వాత కొత్తగా ఏం చేశారు?"

అక్క ఆలోచించింది. మనవరాలు చెప్పింది: "కొత్త లుంగీలు నాలుగు గంజి పోవాలని దీంట్లో వేసినాము తాతా. కొసలు కుట్టనివి."

రెండో సూత్రం. రెండు టబ్బుల నీళ్ళూ నిలిచాయి. ఒక్క ఉతికే టబ్బే నిలిచి ఉంటే వాల్వును అనుమానించేవాణ్ణి. రెండూ నిలిచాయంటే అడ్డం రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఉంది. ప్లగ్గు తీశాం. బక్కెట్టుతో నీళ్ళు తోడాం. పైపు ఊడదీసి చూస్తే మొదట్లోనే పిడికెడు దారపు ఉండ, సబ్బు మడ్డితో కలిసి మైనంలా గట్టిపడి ఉంది. తీసి కడిగి బిగించాం. రెండు టబ్బులూ పది నిమిషాల్లో ఖాళీ అయ్యాయి.

అక్క ముఖం విప్పారింది. కాని స్పిన్ పెడితే 'గుయ్' మని మూలిగింది, తిరగలేదు. వెంటనే ఆపాం. ప్లగ్గు తీసిన తర్వాత మనవరాలు మూత తెరిచి డ్రమ్మును తిప్పబోయింది. కదల్లేదు. "బిగుసుకుపోయింది తాతా. ఆయన చెప్పినట్టు మోటారు కాలిపోయినట్టే ఉంది" అంది, గొంతు తగ్గించి.

అప్పుడు ఆ పిల్లకు ఒక సంగతి చెప్పాను. ఈ మెషిన్లలో స్పిన్ మూత తెరిస్తే బ్రేకు పడుతుంది, మూస్తేనే వదులుతుంది. మూత తెరిచినప్పుడు డ్రమ్ము బిగిసి ఉండటం ఆరోగ్యానికి గుర్తు, రోగానికి కాదు. కాలిన వాసన లేదు. మూలుగుతోంది కాబట్టి కరెంటు అందుతోంది. పొద్దున్నే కాబట్టి వోల్టేజీ బాగానే ఉంది, ఫ్యాను మామూలుగానే తిరుగుతోంది. మిగిలినవి కెపాసిటరు, బ్రేకు, ఇరుక్కున్న గుడ్డ. ఇక్కడితో మన పని అయిపోయింది, వెనక మూత విప్పడం మనది కాదు.

వేరే మెకానిక్‌ను పిలిచాం. మనవరాలు నోటుబుక్కు చూసి వరుసగా చదివింది. ఆయన నవ్వి, "సగం పని మీరే చేసినారు" అంటూ వెనక విప్పి బ్రేకు చూశాడు, బాగుంది. ఇరుక్కున్న గుడ్డ ఏదీ లేదు. కెపాసిటరు కొలిచి చూపించాడు. దానిమీద రాసినదానిలో సగం కూడా లేదు. కొత్తది వేశాడు. కూలితో కలిపి మూడు వందల యాభై రూపాయలు. పాత కెపాసిటరు మా చేతికే ఇచ్చాడు. చీటీ డబ్బు ముట్టుకోలేదు, ఆ వారంలోనే పాప ఫీజు కట్టేశారు.

మొదట వచ్చినాయన మోసగాడని నేను అనను. ఆయనకూ తొందరే, ఇంకో నాలుగు ఇళ్ళకు వెళ్ళాలి. లక్షణం చూసి రోగం పేరు చెప్పేశాడు. దశలవారీగా అడిగే మనిషి ఇంట్లో లేకపోతే అలాగే జరుగుతుంది. వేలూరులో నాకు జరిగింది అదే.

9. మెకానిక్ వచ్చినప్పుడు

"పాడైపోయింది, చూడండి" అనవద్దు. ఎప్పటివరకు బాగుంది, తర్వాత ఏం మారింది, ఏ దశలో ఆగింది, ఏ శబ్దం వచ్చింది, ఏమి చూసి ఉన్నాము అనే ఐదు విషయాలు చెప్పండి. భాగం మార్చాలంటే దాన్ని ఏ పరీక్షతో తేల్చారని మర్యాదగా అడగండి. ఖర్చు ముందుగా చెప్పమనండి. పాత భాగం, బిల్లు తీసుకోండి. గ్యారంటీ కాలంలో ఉంటే ఎవరినీ విప్పనివ్వకుండా కంపెనీ సర్వీసువారినే పిలవండి.

సేవలో లోపముంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం మనకు అండగా ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. రిపేరు సమాచారం వినియోగదారులకు అందాలని కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ కూడా ప్రారంభించింది.

10. అభ్యాసం

విద్యార్థులు జవాబులు చూడకుండా ముందు తామే ఆలోచించాలి.

(అ) సెమీ ఆటోమేటిక్‌లో స్పిన్ టబ్బు నీళ్ళు చక్కగా పోతున్నాయి. ఉతికే టబ్బు నీళ్ళు మాత్రం పోవడం లేదు. లోపం ఎక్కడ?

(ఆ) పైమూత ఆటోమేటిక్ బాగా ఉతికింది. తర్వాత నీళ్ళు పోలేదు, పిండలేదు. మోటారు మార్చాలా?

(ఇ) ఫ్రంట్ లోడ్‌లో నీళ్ళు పోయాయి. డ్రమ్ము మెల్లగా తిరిగి ఆగుతోంది, మళ్ళీ తిరిగి ఆగుతోంది. లోపల ఒక్క జంపఖానా ఉంది.

(ఈ) సెమీ ఆటోమేటిక్ పొద్దున బాగా పిండుతోంది, రాత్రి ఏడు గంటలకు మూలుగుతోంది.

జవాబులు: (అ) పైపు ఉమ్మడి దారి, అది బాగానే ఉంది. కాబట్టి వాల్వు, లేదా నాబ్ నుంచి దాన్ని లాగే పట్టీ చూడాలి. (ఆ) వద్దు. ఉతికింది, పిండవలసింది ఒకే మోటారు. ఉతికిందంటే మోటారుకు కరెంటు అంది తిరిగిందన్నమాట. పైపు, వాల్వు, డ్రెయిన్ మోటారు చూడాలి. (ఇ) బరువు ఒకవైపు చేరింది. ఇంకో రెండు మూడు బట్టలు కలిపి సర్ది వేయాలి. (ఈ) మొదట వోల్టేజీ కొలిపించాలి. అది సరిగ్గా ఉంటే కెపాసిటరు చూపించాలి.

నాలుగూ సరిగ్గా చెప్పినవారు ఇంట్లో అమ్మానాన్నలకు ఈ వ్యాసం చదివి వినిపించండి. చేతిపని మీద ఆసక్తి కలిగినవారు ఐటీఐలో రెండేళ్ళ ఎలక్ట్రీషియన్ కోర్సు గురించి కూడా ఆలోచించండి. అది చదువు రానివారి దారి అనుకోవడం పొరపాటు. మా ఇంటికి రెండోసారి వచ్చిన పెద్దాయన అడిగిన ఒక్క ప్రశ్న ఏ ఆడిటరు ప్రశ్నకూ తీసిపోదు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసేటప్పుడు "ఈ నెల ఇంట్లో ఊహించని ఖర్చు వచ్చింది, ఫీజు కట్టలేకపోయాం" అనే మాట చాలాసార్లు చదువుతుంటాను. అన్ని ఖర్చులూ తప్పించలేము. కొన్ని మాత్రం ఒక్కరోజు ఆగి, నాలుగు ప్రశ్నలు అడిగితే తప్పుతాయి. పిల్లల ఫీజుకని దాచిన డబ్బు తీసేముందు, మెషిన్ ఏ దశలో ఆగిందో చెప్పగలమా అని మిమ్మల్ని మీరే అడగండి. చెప్పలేకపోతే ఇంకా డబ్బు తీసే వేళ కాలేదన్నమాట.

అక్క ఇంట్లో ఆ నోటుబుక్కు ఇప్పుడు మెషిన్ పక్కన మేకుకు వేలాడుతోంది. మొదటి పేజీలో మనవరాలి రాత: "కొసలు కుట్టని లుంగీలు చేత్తోనే ఉతకాలి."